ఒడి చాలదు

కారెక్కనని బుచ్చమ్మ మొదటిరోజే చెప్పేసింది. పాపను ఎత్తుకోవడం, పాలు పట్టడం, గుడ్డలుతకడం, జోకొట్టడం, ఏ పని చెప్పినా చేస్తానంది. "ఒక్క మోటరు మాత్రం ఎక్కనమ్మా. అండ్ల నన్ను రమ్మనకుండ్రి," అంది. ఎందుకని కనకలక్ష్మి అడగలేదు. పల్లెటూరి మనిషి, కారంటే భయం కాబోలనుకుంది.

అది డెబ్బై మూడో సంవత్సరం ఎండాకాలం. కొత్తగూడ చుట్టూ ఎటు చూసినా బండరాళ్ళే. ఒకదానిమీద ఒకటి ఎవరో ఎత్తిపెట్టి మరిచిపోయినట్టు, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపడేటట్టు నిలబడి ఉండేవి. వాటి సందుల్లో తంగేడు పొదలు, సీతాఫలం చెట్లు. ఊరికి ఎగువన, గుట్ట వాలులో ఒక పాత రాతి బంగళా ఉంది. రోడ్ల శాఖలో ఇంజనీరు నరసింహమూర్తి దాన్ని కిరాయికి తీసుకుని, భార్య కనకలక్ష్మినీ ఏడు నెలల కూతురు పుణ్యవతినీ తెచ్చి పెట్టాడు. వాళ్ళది గోదావరి జిల్లా. పాపకు నాయనమ్మ పేరు పెట్టుకున్నారు గాని ఇంట్లో పిలుపు పుణ్యం. కనకలక్ష్మికి అప్పటికే మళ్ళీ నెల తప్పింది.

బుచ్చమ్మకు ముప్పై మూడేళ్ళు. ఊళ్ళో వడ్రంగం చేసే వడ్ల పెంటయ్య భార్య. ఒకప్పుడు ఆమెకొక కొడుకుండేవాడని, పది నెలలకే పోయాడని, ఆ తరువాత కడుపు పండలేదని కొత్తగూడలో అందరికీ తెలుసు. ఎలా పోయాడో కూడా అందరికీ తెలుసు, లేదా తెలుసుననుకునేవారు. బంగళా వాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు. చెబితే ఆమెను పనిలో ఉంచుకోరని బుచ్చమ్మకు భయం. బిడ్డను జారవిడిచిన మనిషి చేతికి ఎవరు మాత్రం బిడ్డనిస్తారు?

కనకలక్ష్మికి నెలనెలా నగరంలో దవాఖానకు వెళ్ళి చూపించుకోవలసిన అవసరం ఉంది. పది మైళ్ళ దారి. అందుకోసమే నరసింహమూర్తి ఒక పాత ఫియట్ కారు కొన్నాడు. కారు వచ్చాక పాపను దేనిలో కూర్చోబెట్టాలన్న మాట వచ్చింది. దానితోబాటే, సాయంత్రాలు పాపను తిప్పడానికి ఒక తోపుడుబండి కావాలన్న మాటా వచ్చింది.

"ఇప్పుడు కొనేది రెండో వాళ్ళకీ పనికిరావాలండీ. ఏడాది తిరక్కుండా ఇద్దరవుతారు," అంది కనకలక్ష్మి.

నరసింహమూర్తి దేన్నైనా కొలిచి చూసుకునే మనిషి. ఆబిడ్స్‌లో దుకాణాలన్నీ తిరిగాడు. పేము బండ్లు చూశాడు. వాటి చక్రాలు చిన్నవి, ఈ గుట్టదారిలో రెండు రోజులు కూడా నిలవవన్నాడు. చివరికి బేగంపేటలో ఒక విదేశీ కుటుంబం తమ దేశం వెళ్ళిపోతూ సామాన్లు అమ్ముకుంటోందని తెలిసి వెళ్ళి, రెండు వస్తువులు పట్టుకొచ్చాడు. ఒకటి పెద్ద చక్రాల తోపుడుబండి. తొట్టి మీద నల్లటి గూడు, కింద స్ప్రింగులు, ముందుకు తోస్తే తేలిపోతున్నట్టుండేది. రెండోది కారులో వాడే చిన్న కుర్చీ. దానికి వెనకవైపు రెండు ఇనుప కొక్కేలున్నాయి. వాటిని ముందుసీటు వీపుకు తగిలిస్తే పాప అద్దంలోంచి దారంతా చూస్తూ పోవచ్చు.

పుణ్యాన్ని ఆ తొట్టిలో పడుకోబెట్టి కనకలక్ష్మి మురిసిపోయింది. బుచ్చమ్మ మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి ఇరుసు చూసింది. చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపింది.

"ఏమిటి బుచ్చమ్మా, అలా చూస్తున్నావు?"

"ఏం లేదమ్మా. వడ్లోళ్ళ ఇంట్ల ఉన్నదాన్ని గద, అలవాటు," అంది.

బంగళా వెనక అరమైలు దూరంలో బండలు పేల్చేవారు. రోజూ పన్నెండింటికి ఎర్రజెండా ఎత్తి, ఈల ఊది, మందు పేల్చేవారు. మొదట నేల అదిరేది, చప్పుడు తరువాత వచ్చేది. ఒకరోజు ఇంకా ఈల వినబడకముందే బండ పేలింది. కనకలక్ష్మి అప్పుడు వాకిట్లో బండి ఆపి, మందార చెట్టుకున్న పూలు కోస్తోంది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగేసరికి బండి ఎవరూ తోయకుండానే కదులుతోంది. చక్రానికి బిగించిన ఆపు ఆ అదురుకు వదులైంది. నున్నటి రోడ్ల మీద తిరగడానికి చేసిన బండి అది, ఈ వాలు దానికి కొత్త. మెల్లగా రెండు బారలు పోయింది, ఆ తరువాత వేగం అందుకుంది.

కింద ఎండిపోయిన కుంట. కుంట గట్టు నిండా పగలగొట్టిన రాళ్ళు.

కనకలక్ష్మి పూలు పడేసి బండి వెనక పరుగెత్తింది. బావి దగ్గర గుడ్డలు పిండుతున్న బుచ్చమ్మ తడిచీరతోనే అడ్డంగా పరుగెత్తి, బండికి ఎదురుగా నేలమీద పడిపోయింది. ముందుచక్రం ఆమె మోచేతిని ఒరుసుకుంటూ ఎక్కి ఆగింది. తొట్టిలో పుణ్యం నిద్రపోతూనే ఉంది. కనకలక్ష్మి వచ్చి కూలబడి, "ఆయనకు చెప్పకు బుచ్చమ్మా," అంది ముందుగా. ఆ తరువాత ఏడ్చింది.

బుచ్చమ్మ చెప్పలేదు. కానీ ఆనాటి నుంచి బండి ఎక్కడ ఆగినా రెండు రాళ్ళు తెచ్చి చక్రాలకు అడ్డం పెట్టేది. పన్నెండవుతోందంటే పాపను చంకనెత్తుకుని ఇంట్లోకి వెళ్ళిపోయేది. ఏదో రాబోతున్నదన్న దిగులు ఆమెను పట్టుకుంది. చీకటిగదిలో ఎవరో కూర్చుని ఉన్నారని తెలిసినట్టు, వాళ్ళు ఎప్పుడు లేస్తారో మాత్రం తెలియనట్టు ఉండేది.

జూన్ నెలలో దవాఖానకు వెళ్ళే రోజు కొక్కేల కుర్చీని ముందుసీటుకు తగిలించారు. పుణ్యం అందులో కూర్చుని కాళ్ళాడిస్తూ వెళ్ళింది. బుచ్చమ్మ గేటు దగ్గర నిలబడి కారు మలుపు తిరిగేదాకా చూసింది. సాయంత్రం కారు తిరిగొచ్చేసరికి పాప కిందిపెదవి వాచి ఉంది, గౌను మీద నెత్తుటి మరకలున్నాయి. టోలిచౌకి దగ్గర బర్రె అడ్డం వచ్చిందట. నరసింహమూర్తి బ్రేకు తొక్కగానే కొక్కేలు రెండూ సీటు మీంచి ఎగిరి, కుర్చీ ముందుకు బోర్లా పడిందట. కారు అప్పుడు ఎద్దులబండి కన్నా కాస్త జోరుగా పోతోందంతే.

"ఆ దిక్కుమాలిన కుర్చీ మళ్ళీ నా కళ్ళబడకూడదండీ," అంది కనకలక్ష్మి దాన్ని వాకిట్లోకి విసిరేస్తూ. "ఇకనుంచి పాప నా ఒళ్ళోనే ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుంటాను. తల్లి ఒడికన్నా భద్రమైన చోటేముంది?"

బుచ్చమ్మ పాప పెదవికి వెన్న రాస్తోంది. ఆ మాట వినగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

మూడోరోజు పొద్దున దంపతులిద్దరూ వరండాలో కాఫీ తాగుతుండగా బుచ్చమ్మ వచ్చి స్తంభం పక్కన నిలబడింది.

"ఒక మాట చెప్పాల్నమ్మా. చెప్పినంక నన్ను పనిలకెళ్ళి తీసేసినా సరే."

"ఏమైంది?" అన్నాడు నరసింహమూర్తి.

"నాకూ ఒక కొడుకుండె సారూ. రామచంద్రం అని పేరు పెట్టుకున్నం. నానక్‌రాంగూడల నా తల్లిగారిల్లు. బండి కట్టుకోని పోతున్నం. మా ఆయననే తోలుతున్నడు. పోరడు నా ఒళ్ళె పండుకున్నడు. ఇగో, గిట్ల పట్కున్న, రెండు చేతులతోటి." ఆమె చేతులు రెండూ గుండెకు హత్తుకుని చూపించింది. "ఖాజాగూడ గుట్టల కాడ చక్రం ఊడింది. ఒక్కటే కుదుపు. నా చేతులు గట్లనే ఉన్నయ్. అండ్ల పోరడు లేడు. బండ మీద పడ్డడు."

కనకలక్ష్మి కాఫీ కప్పు కింద పెట్టింది.

"నేను ఇడిశిపెట్టలేదమ్మా. ఊరంత ఇడిశిపెట్టిందన్నరు. మా అత్త సచ్చేదాక అన్నది. నేను ఇడిశిపెట్టలే. ఆ కుదుపుకు చేతులు ఆగయ్. ఎంత గట్టిగ పట్కున్నా ఆగయ్. బండి ఉరుకుడు ఎంత, మీ మోటరు ఉరుకుడు ఎంత! పాపను ఒళ్ళె పెట్టుకోని పోకుండ్రి. మీ కాళ్ళు మొక్కుత."

కనకలక్ష్మికి ముందు భయం వేసింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది. శుభమా అని కడుపుతో ఉన్నదాని ముందు ఇవేం మాటలు? లేచి, పాపనెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. నరసింహమూర్తి మాత్రం చల్లారిన కాఫీ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. రోడ్ల మీద ప్రమాదాలు జరిగిన చోట్లకు వెళ్ళి కొలతలు తీసుకోవడం అతని ఉద్యోగంలో ఒక భాగం. ఆమె చెప్పింది నిజమని అతనికి తెలుసు. ఇన్నాళ్ళూ ఆ తెలిసినదాన్ని తన ఇంటి గడప దాటి లోపలికి రానివ్వలేదు, అంతే.

"మీ ఆయన ఇప్పటికీ బండ్లు చేస్తాడా?" అని అడిగాడు.

"ఆ దినం నుంచి బండి పని ముట్టలేదు సారూ. దర్వాజలు చేస్తడు, నాగండ్లు చేస్తడు. చక్రం మాత్రం చెయ్యడు."

ఆ సాయంత్రమే నరసింహమూర్తి పెంటయ్య కొట్టానికి వెళ్ళి, తనకేం కావాలో చెప్పాడు. తోపుడుబండి మీది తొట్టిని చక్రాల నుంచి విడదీసేటట్టు ఉండాలి. ఇంటి దగ్గర చక్రాల మీద, కారులో వెనకసీటు మీద కూర్చోవాలి. కారులో మాత్రం ఎంత కుదుపు వచ్చినా వెంట్రుకవాసి కదలకూడదు. పెంటయ్య తల వంచుకుని బాడిసె నూరుతూనే, "నాతోని కాదు సారూ. పట్నంల మంచి మేస్త్రీలున్నరు," అన్నాడు. ఎంత అడిగినా తల ఎత్తలేదు.

నరసింహమూర్తి వెళ్ళిపోయాక బుచ్చమ్మ వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది. ఆ దినం గురించి వాళ్ళిద్దరూ పదకొండేళ్ళుగా ఒక్క మాట మాట్లాడుకోలేదు.

"ఎందుకు చెయ్యనన్నవ్?"

"నా చేతులు మంచియి గావు."

"చేతులు మంచియి గానిది నేను గద. నీ చేతులకేమైంది?"

పెంటయ్య బాడిసె కింద పెట్టాడు. కొట్టం బయట ఎవరో మేకల్ని తోలుకుపోతున్నారు. అవి దాటిపోయేదాకా ఆగి, గోడవైపు చూస్తూ చెప్పాడు.

"చక్రం ఊడకుంట పట్టే ఇరుసు సీల అరిగి ఉండె. పొద్దున బండి కట్టేటప్పుడే సూసిన. మల్లొచ్చినంక కొత్తది కొడ్తననుకున్న. నానక్‌రాంగూడ ఎంత దూరం తియ్, అనుకున్న."

బుచ్చమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా అరవలేదు, నెత్తి కొట్టుకోలేదు. తన చేతుల్ని తిరగేసి, ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంది. ఈ పదకొండేళ్ళూ ఆ చేతులతోనే అన్నం కలుపుకుంటూ, పట్టు సడలింది ఎప్పుడా, ఏ క్షణంలో, అని వెతుక్కుంది.

"మీ అమ్మ నన్ను బిడ్డను పారేసినదానా అన్నప్పుడు నువ్వు ఆడనే ఉన్నవ్," అంది నెమ్మదిగా. "అన్నం తింటున్నవ్."

పెంటయ్య బాడిసె మళ్ళీ చేతిలోకి తీసుకుని, కింద పెట్టేశాడు.

"సారు అడిగింది చెయ్యి. నీకు పున్నెం రావాల్నని చెప్తలేను. నువ్వే చెయ్యాలె. ఒక్క సీల గుడ అరిగింది పెట్టకు."

మరునాడు పొద్దున్నే పెంటయ్య బంగళాకు వచ్చాడు. పదిహేను రోజులు పట్టింది ఆ పని. తొట్టి కింద టేకు చట్రం బిగించాడు. నాలుగు మూలలా ఇనుప పట్టీలు వేసి, కారు అడుగురేకుకు బెజ్జాలు కొట్టించి, కింద ఉక్కు పలక పెట్టి మరలు దింపాడు. ఆ మరలే విప్పితే తొట్టి వచ్చి చక్రాల మీద కూర్చుంటుంది. బండి చక్రాలకు కొత్త ఆపు చేశాడు. పాప భుజాల మీంచి రెండు, నడుముకొకటి, కాళ్ళ మధ్యనుంచి ఒకటి తోలు బెల్టులు కుట్టించి, లోపల మెత్తటి గుడ్డ వేయించాడు. పాప ముఖం ఎటు ఉండాలన్న దగ్గర నరసింహమూర్తి ఆలోచనలో పడితే పెంటయ్యే చెప్పాడు.

"బండ్ల బస్తాలు పేర్చేటప్పుడు ముందు పలకకు ఆనిచ్చి పేరుస్తం సారూ. ఎద్దులు ఆగినా బస్తా ముందుకు పోనీకి జాగ ఉండది. పాపను గూడ వీపు ముందలికి పెట్టి కూసోబెడ్దం. ఏమన్నయితే పలకనే వీపును పట్టుకుంటది."

నరసింహమూర్తి తొట్టిని అటు తిప్పి పెట్టి చూశాడు. "అంతే పెంటయ్యా. అదే సరైనది," అన్నాడు.

పని పూర్తయిన రోజు కనకలక్ష్మి వచ్చి చూసింది. కొత్త చెక్క, ఇనుప పట్టీలు, కట్టెయ్యడానికి వేలాడుతున్న తోళ్ళు. రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏవండీ, ఇది పాడెలా ఉంది. నా బిడ్డను దీనికి కట్టేస్తారా? ప్రాణం ఉన్న పిల్లను చెక్కకు కట్టి తీసుకెళ్తారా?"

ఎవరు ఎంత చెప్పినా వినలేదు. బంగళా దగ్గర చక్రాల మీద తిప్పడానికి ఒప్పుకుంది గాని, కారులో మాత్రం కుదరదంది. జూలైలో దవాఖానకు పాపను ఒళ్ళో పెట్టుకునే వెళ్ళింది. ఆ రోజంతా బుచ్చమ్మ గేటు దగ్గరే కూర్చుంది. కారు తిరిగొచ్చింది. ఏమీ కాలేదు. కనకలక్ష్మి దిగుతూ ఆమెవైపు చూసి, "చూశావా?" అంది. ఏమీ కానందుకు బుచ్చమ్మ దిగులు ఇంకాస్త పెరిగింది.

ఆగస్టు నెల చివర్లో మళ్ళీ వెళ్ళవలసిన రోజు వచ్చింది. కనకలక్ష్మికి అయిదో నెల. రాత్రి కురిసిన వానకు గుట్టదారి ఎర్రగా, జారుడుగా ఉంది. రాళ్ళ లారీలు పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉన్నాయి. కనకలక్ష్మి పాపనెత్తుకుని ముందుసీటు తలుపు తెరవబోయింది. బుచ్చమ్మ వెళ్ళి ఆ తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"నేనెక్కుత," అంది.

"ఏమిటీ?"

"నేను మోటరెక్కుత అమ్మా. ఎనుక పాప పక్కన కూసుంట. పాప కడుపు మీద చెయ్యేసి పెడ్త. పాపను అండ్ల కూసోబెట్టుండ్రి. జర నా మాట ఇనుండ్రి."

ఆమె కాళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు చూసే కనకలక్ష్మి మెత్తబడింది. ఒడే భద్రమనుకున్నది ఎందుకో ఆ ఉదయం ఆమెకూ అంత ధైర్యాన్నివ్వలేదు. పాపను ఇచ్చేసింది. బుచ్చమ్మ తొట్టిలో కూర్చోబెట్టి, నాలుగు బెల్టులూ బిగించి, ఒక్కొక్కటీ లాగి చూసింది. పుణ్యం కొత్త ఆట అనుకుని నవ్వింది.

గచ్చిబౌలి దాటాక దారి రెండు బండల మధ్యగా దిగుతుంది. ఎదురుగా రాళ్ళ లారీ ఎక్కుతోంది. దాని వెనక ఇంకో లారీ ఉందని నరసింహమూర్తికి కనిపించలేదు. ఆ రెండోది మొదటిదాన్ని దాటబోయి ఒక్కసారిగా రోడ్డు నిండా వచ్చేసింది. నరసింహమూర్తి కారును ఎడమకు తిప్పాడు. బురదలో చక్రాలు పట్టు తప్పాయి. బుచ్చమ్మకు కనిపించింది కిటికీలోకి పెరుగుతున్న బండ ఒక్కటే.

ఆమె చెయ్యి పాప కడుపు మీదే ఉంది. తన బలమంతా ఆ చేతిలోనే పెట్టుకుని ఉంది. ఆ చెయ్యి, దారం తెగినట్టు, ఎవరో లాక్కున్నట్టు వెళ్ళిపోయింది. ఆమె ముందుసీటుకు కొట్టుకుంది. భుజంలో ఏదో పుటుక్కుమంది.

తరువాత చప్పుడు లేదు. ఇంజను మోత లేదు, లారీ మోత లేదు. ఎక్కడో నీళ్ళు కారుతున్నాయి. బుచ్చమ్మ కళ్ళు మూసుకునే ఉంది. తెరిస్తే తొట్టి ఖాళీగా ఉంటుందని ఆమెకు తెలుసు. ఖాజాగూడ దగ్గరా ఇలాగే చప్పుడు లేకుండా పోయింది.

అప్పుడు పుణ్యం ఏడ్చింది.

తొట్టి ఉన్నచోటే ఉంది. నాలుగు మరలూ ఉన్నచోటే ఉన్నాయి. పాప వీపు చెక్కకు ఆని, బెల్టుల మధ్య ఎర్రగా కందిపోయి, నోరంతా తెరిచి ఏడుస్తోంది. బుచ్చమ్మ ఎడమచేత్తో పాప కాలు పట్టుకుంది. కుడిచెయ్యి లేవడం లేదు.

ముందుసీటులో కనకలక్ష్మి ముందుకు వాలిపోయి ఉంది. నుదురు చీలి నెత్తురు కారుతోంది. నరసింహమూర్తి పళ్ళు రెండు రాలిపోయాయి. అతను స్పృహలోనే ఉండి, భార్య పేరు పిలుస్తున్నాడు, ఆమె పలకడం లేదు. మొదటి లారీ వాళ్ళే అందరినీ దవాఖానకు చేర్చారు. రెండో లారీ ఆగలేదు.

కనకలక్ష్మి ఆ సాయంత్రం కళ్ళు తెరిచింది. "పుణ్యమేదీ?" అంది. పాపను తెచ్చి పక్కన పడుకోబెట్టారు. భుజాల మీద బెల్టుల వాతలు తప్ప బిడ్డకు ఇంకేమీ లేదు. ఆ వాతల్ని వేలితో తడుముతూ ఆమె పడుకుంది. మూడోరోజు కడుపులోని బిడ్డ పోయింది. మగపిల్లవాడని నర్సు చెప్పింది. ఆ మాట విని నరసింహమూర్తి వరండాలోకి వచ్చి, బుచ్చమ్మ మంచం దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆమెకూ ఒక బెల్టు పెట్టించాల్సింది బుచ్చమ్మా," అన్నాడు. "పాపకు పెట్టించాను. ఆమెకు పెట్టించాలని నాకు తోచనే లేదు."

అతన్ని ఏమని ఓదార్చాలో ఆమెకు తెలియలేదు. తెలిసిన మాటలు ఏవీ తనకు ఎప్పుడూ పనికిరాలేదు. "నాకు గుడ తోచలే సారూ," అంది.

పెంటయ్య నడుచుకుంటూ వచ్చాడు, పది మైళ్ళు. మంచం పక్కన నిలబడి, కట్టు కట్టిన ఆమె భుజాన్ని చూశాడు. అతను అడగకముందే బుచ్చమ్మ చెప్పింది: "తొట్టి కదల్లే."

పెంటయ్య నేలమీద కూర్చుని, తలపాగా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. బుచ్చమ్మ అతన్ని ఊరుకోబెట్టలేదు. ఏడుపు అయ్యేదాకా ఆగి, "ఇంటికి పోయినంక ఒక పని చెయ్యాలె నువ్వు," అంది.

నెల తిరిగాక, వాళ్ళ కులస్థులంతా ఒక పెళ్ళిమాటకు కొత్తగూడలో కూడిన రోజున, పెంటయ్య లేచి నిలబడ్డాడు. అన్నదమ్ములు, మేనత్తలు, ఊరి పెద్దలు అందరూ ఉన్నారు. బుచ్చమ్మ ఆడవాళ్ళ వెనకవరసలో కూర్చుని ఉంది. "నా కొడుకును బుచ్చమ్మ ఇడిశిపెట్టలే," అన్నాడు అతను. "సీల అరిగిందని నాకు ఎరుక. ఎరుకుండే బండి కట్టిన. తప్పు నాది. ఇన్నేండ్లు నోరు మూసుకున్నది గుడ నాదే తప్పు." ఎవరో దగ్గారు. ఒక ముసలామె వచ్చి బుచ్చమ్మ చెయ్యి పట్టుకోబోయింది. బుచ్చమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ ముసలామె కూడా పదకొండేళ్ళు ఆ మాట అన్నవాళ్ళలో ఒకతె.

ఆమె పెంటయ్యను క్షమించిందా అంటే, ఆ మాట ఆమె నోట ఎవరూ వినలేదు. అదే ఇంట్లో ఉంది, వంట చేసింది, అతనికి జ్వరం వస్తే కషాయం కాచి పోసింది. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. అందుకని ఉట్టి మీది కుండ పెంటయ్యే దించేవాడు.

మరుసటి ఏడాది నరసింహమూర్తికి ఖమ్మం బదిలీ అయింది. బుచ్చమ్మను తమతో రమ్మని కనకలక్ష్మి బతిమాలింది. బుచ్చమ్మ వెళ్ళలేదు గాని, సామాను లారీ ఎక్కించేటప్పుడు తొట్టికి తానే గోనెపట్టాలు చుట్టింది. డెబ్బై ఆరులో ఖమ్మం నుంచి ఉత్తరం వచ్చింది. బడిపంతులు చదివి వినిపించాడు. మళ్ళీ ఆడపిల్ల పుట్టిందని, భూలక్ష్మి అని పేరు పెట్టామని, ఆ తొట్టిలోనే తిప్పుతున్నామని, కారు ముందుసీట్లకు కూడా నడుము బెల్టులు చేయించామని కనకలక్ష్మి రాసింది. పుణ్యం ఆ బెల్టుల్ని తానే బిగిస్తుందట, చెల్లెలికి.

పెంటయ్య ఆ ఉత్తరాన్ని రెండోసారి చదివించుకున్నాడు. బుచ్చమ్మ సంతోషపడ్డట్టు కనబడలేదు. లెక్క చూసుకుంటున్నట్టు వేళ్ళు మడుచుకుంది.

"మూడేండ్లయింది. తోలు ఎండి పగులుతది," అంది పంతులుతో. "ఎంటనే మార్పియ్యమని రాయి సారూ. వానకాలం రాకముందే మార్పియ్యమని. మరలు గుడ విప్పి సూడమని రాయి."

జవాబు రావడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ తపాలా మనిషి ఊళ్ళోకి వచ్చే వేళకు ఆమె వెళ్ళి దారిలో నిలబడేది. అతను లేదన్నట్టు తల ఊపి వెళ్ళిపోయేవాడు. చివరికి ఒక కార్డు వచ్చింది. అందులో రెండే వాక్యాలున్నాయి: బెల్టులు నాలుగూ మార్పించాము. ఒకటి నిజంగానే పగిలి ఉంది.

బుచ్చమ్మ ఆ కార్డు తీసుకుని కొంగున ముడేసుకుని, పశువులకు కుడితి పెట్టడానికి వెళ్ళింది.